మా వైపు ఊడ్చే రోజు

ఏప్రిల్ 7

మునిసిపాలిటీ వాళ్లు చెట్లకి నోటీసు కాగితాలు కట్టేశారు. ప్రతి ఏడూ అదే నారింజ రంగు. రేపు తొమ్మిది నుంచి రెండు వరకు వీధికి మా వైపు ఊడ్చే బండి వస్తుంది, ఒక్క కారు కూడా ఉండకూడదు. చలికాలమంతా మంచు కింద పేరుకున్న చెత్త ఇప్పుడు బయటపడింది. ఎండుటాకులు, ఉప్పు, సీసాలు, ఎవరిదో ఒంటి చేతి తొడుగు, అన్నీ గట్టు వారన పడి ఉన్నాయి. మా ఆవిడ అంపారో కారు చక్రాల చుట్టూ మరీ ఎక్కువ. ఫిబ్రవరి నుంచి ఆ కారు కదల్లేదు మరి.

అంపారో వాళ్లక్క నియెవెస్ దగ్గర ఉంది, పక్క ఊరు బెర్విన్‌లో. నియెవెస్‌కి మోకాలి ఆపరేషన్ అయింది. రెండు వారాలు సాయంగా ఉండి వస్తానని వెళ్లింది. మోకాలు కదా, ఆలస్యమవుతుంది. ఆ వీధిలో అక్కడివాళ్ల స్టిక్కర్ లేని కారుని రాత్రిపూట ఉంచనివ్వరు. స్టిక్కర్ ఇవ్వాలంటే అడ్రసు అక్కడిదై ఉండాలి. అందుకే కారు ఇక్కడ వదిలింది. అద్దం మీద మా వీధి స్టిక్కరే ఉంది. పనికి వెళ్లేటప్పుడు రోజూ ఒకసారి చూసుకుంటాను.

సాయంత్రం లుబోమిర్ తలుపులు కొట్టుకుంటూ వచ్చాడు. మా వీధిలో ఇది ఆయన పని. ఎవరూ అప్పగించలేదు, ఆయనే నెత్తిన వేసుకున్నాడు. పొద్దున్నే పనులకి పోయేవాళ్లు ఏప్రిల్‌లో తమ కార్ల రెండో తాళంచెవి ఆయనకి ఇస్తారు. ఊడ్చే రోజున ఆయన ఒక్కో కారూ తీసి పక్క వీధిలో పెట్టి, బండి వెళ్లాక మళ్లీ తెస్తాడు. నవంబర్లో ఎవరి తాళంచెవి వాళ్లు తీసుకుపోతారు. నేను ఇవ్వను. నా వ్యాను నాతోనే పనికి వస్తుంది. అంపారో ఇస్తుంది. పోయిన నవంబర్లో వెనక్కి తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదని అప్పుడే అడిగాను. మర్చిపోయానంది.

"రేపు మన వైపే ఫ్లోరియన్. అంపారో కారు తీయమంటావా?"

"ఆవిడ కారు. ఆవిడే చూసుకుంటుంది."

"ఆవిడ బెర్విన్‌లో ఉందిగా?"

"నీకెలా తెలుసు?"

"వీధి వీధంతా తెలుసయ్యా," అన్నాడు.

ఎలా తెలుసు? నేనెవరికీ చెప్పలేదే.

కారు అక్కడే ఉంటుంది. జరిమానా టికెట్ పడుతుంది. పడితే ఆమె పేరున పడుతుంది, కాగితం ఈ ఇంటికి వస్తుంది. అప్పుడు ఆమె రావాలి, కనీసం నాతో మాట్లాడాలి. ఇందులో నేను చేసే కుట్ర ఏమీ లేదు. కారు నాది కాదు, కాబట్టి నేను ముట్టుకోను.

ఏప్రిల్ 8

టికెట్ లేదు.

ఏడింటికి నేను బయల్దేరినప్పుడు కారు ఉంది. మూడున్నరకి వచ్చేసరికి అదే చోట ఉంది. అయితే చక్రాల కింద ఆకులు లేవు, సీసాలు లేవు, చేతి తొడుగు లేదు. నేల కడిగినట్టు ఉంది. ఊడ్చే బండి కారు కింద దూరి ఊడవదు కదా.

ఎవరో తీశారు. తీసి, పని అయ్యాక మళ్లీ తెచ్చి అచ్చం అట్లాగే పెట్టారు.

ఏప్రిల్ 9

పని నుంచి రాగానే లుబోమిర్ ఇంటికి వెళ్లాను. పెరట్లో సాసేజీలకి పొగ పెడుతున్నాడు. భార్య పోయి చాలా ఏళ్లయింది. మనిషి మాత్రం ఇస్త్రీ చొక్కా లేకుండా గడప దాటడు. ఎవరికోసమో ఆ ఇస్త్రీ.

"అంపారో కారు తీశావా?"

"వద్దన్నావుగా. నేనెందుకు తీస్తా?"

"మరెవరు తీశారు?"

"కదిలిందా?" అని నన్నే అడిగాడు. అడిగాడే కానీ ఆశ్చర్యపోలేదు. సాసేజీ తిప్పుతూ అడిగాడు.

లోపలికి వెళ్లి వంటింటి గోడ చూశాను. మేకుల వరస, మేకులకి తాళంచెవులు. ఎర్ర ఊలు కుచ్చు కట్టిన అంపారో తాళంచెవి తన మేకుకే వేలాడుతోంది. ఎంత బుద్ధిగా ఉందంటే, అప్పుడే ఎవరో తగిలించినట్టు ఉంది.

"అది నాకిచ్చెయ్."

"ఎవరిచ్చిన తాళం వాళ్లకే ఇస్తా ఫ్లోరియన్. అట్లా కాకపోతే ఈ వీధిలో నా చేతికి ఎవరిస్తారు చెప్పు?"

"నేను ఆవిడ మొగుణ్ని."

"తెలుసు బాబూ. మీ పెళ్లి కేకు మోసుకొచ్చింది నేనే."

ఇన్నేళ్లుగా లిఫ్టులు తనిఖీ చేస్తున్నాను. తీగ గట్టిగానే ఉందిలే అనుకునేవాడు ఆ పనికి పనికిరాడు. అన్నీ బాగున్నట్టు కనిపించినప్పుడే ఇంకొంచెం వంగి చూడాలి. జనం దీన్ని అనుమానం అంటారు. అంపారో కూడా అంటుంది. నాకు ఇది ఉద్యోగం.

ఏప్రిల్ 13, ఆదివారం

ఫోన్ చేశాను. మోకాలు ఎలా ఉందని అడిగాను. వాపు తగ్గలేదంది. వెనక ఎవరో మగగొంతు నవ్వింది. ఎవరని అడిగాను. టీవీ అంది. ఏ చానల్ అని అడిగాను.

పెట్టేసింది. కారు సంగతి అడగనే లేదు.

ఏప్రిల్ 27

మోకాలు కదా. ఆలస్యమవుతుంది.

మే 12

మళ్లీ కాగితాలు. రేపు మా వైపు.

ఈసారి ఒక పని చేశాను. మా వీధిలో చెట్టు కాగితం మీద చెయ్యి వేయడం కంటే పెద్ద తప్పు లేదు. ఇతరుల పెళ్లాం మీద వేసినా ఇంత గొడవ ఉండదేమో. కానీ నేను చింపలేదు. అంపారో కారు ఎదురుగా ఉన్న చెట్టుది మాత్రం, దారం కత్తిరించి, మడత పడకుండా గ్యారేజీలో పెట్టాను. ఆ కారు కదిలించేవాడు ఎవడో, వాడికి గుర్తు చేసే కాగితం లేకపోతే మర్చిపోతాడేమో చూద్దామని. పక్క చెట్లన్నిటికీ ఉన్నాయి కదా, ఎవరికీ నష్టం లేదు.

మే 13

నష్టం జరిగింది. పక్కింట్లో కొత్తగా దిగిన నర్సు పిల్ల రాత్రి డ్యూటీ చేసి తెల్లారాక వచ్చింది, సరిగ్గా ఆ చెట్టు కిందే కారు పెట్టి పడుకుంది. లేచేసరికి అద్దం మీద టికెట్. నేను వచ్చేటప్పటికి మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. ఆ పిల్లని చూస్తే నాకు బాధ వేసింది. నిజంగానే వేసింది. కానీ నా కళ్లు ముందు అంపారో కారు చక్రాల కిందకే వెళ్లాయి.

శుభ్రంగా ఉంది. మళ్లీ తీశారు.

చీకటి పడకముందే లుబోమిర్ వచ్చాడు. చేతిలో దారం ముక్క.

"మీ చెట్టు కాగితం ఎటు పోయిందో ఏమన్నా చూశావా?"

"గాలికి పోయి ఉంటుంది."

"గాలి కత్తెర పెట్టి కత్తిరిస్తుందా?"

"నన్నెందుకు అడుగుతున్నావు?"

"అందరినీ అడుగుతున్నా," అన్నాడు. మా ఇంటి తర్వాత ఇంకెవరి తలుపూ కొట్టలేదు. కిటికీలోంచి చూశాను.

మనిషిని ఊరికే అనుమానిస్తే ఎలా ఉంటుందో ఈయనకి ఎవరైనా చెప్పాలి.

మే 18, ఆదివారం

ఫోన్ ఎత్తలేదు.

జూన్ 10

ఇవాళ మా వైపు ఊడ్చారు. కారు కదిలింది, వచ్చింది. ఇక మామూలే.

అద్దంలోంచి లోపలికి చూశాను. తాళం లేదు కాబట్టి నుదురు అద్దానికి ఆనించి చూడాల్సి వచ్చింది. ఎన్ని మైళ్లు తిరిగిందో చూపే మీటరు కనబడలేదు, ఇంజను ఆపితే కనబడని రకం. అది నాకు ముందే తెలుసు. డ్రైవరు సీటు మీద చక్కెర పలుకులు ఉన్నాయి. అంపారో వాళ్ల రొట్టెల మీద ఉంటుందే, గులాబీ రంగు చక్కెర పొడి, అది. లుబోమిర్‌కి ఇప్పుడు మెక్సికో రొట్టెలు కూడా రుచించాయన్నమాట.

ఇంకోటి. లుబోమిర్ గుమ్మం కింద తల వంచి నడిచే మనిషి. అంపారో నా భుజం దాకా కూడా రాదు. కారు నడిపింది ఆయనైతే సీటు వెనక్కి జరిపి ఉండాలి. సీటు స్టీరింగుకి ఆనుకుని ముందుకే ఉంది, ఎప్పుడూ ఉండేట్టే. ఎంత తెలివైనవాడో చూడు. నడపడం అయ్యాక సీటు మళ్లీ ముందుకి జరిపి పెడుతున్నాడు!

పై అంతస్తులో అద్దెకుండే విల్మా నేను అద్దానికి నుదురు ఆనించడం చూసింది. ఆవిడకి ఎనభై దాటాయి. కిటికీ వదిలి ఎటూ కదలదు.

"ఏంటి నాయనా, మీ ఆవిడ కారులో ఉండిపోయిందా?" అని పైనుంచి అరిచింది.

వీధంతా నవ్వుకునేలా అరవాలా?

జూన్ 22

ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. ఫిబ్రవరి సంగతి.

అంపారో చర్చి పాటల సాధనకి వెళ్లి ఆలస్యంగా వచ్చింది. ఎందుకు ఆలస్యమని అడిగాను. మంచు అంది. సరే అన్నాను. ఆమె స్నానానికి వెళ్లాక తాళంచెవి తీసుకుని కిందకి వెళ్లి కారు స్టార్ట్ చేసి మీటరు చూశాను. చర్చికి వెళ్లి వచ్చినంతే తిరిగింది. అంటే ఆమె చెప్పింది నిజమే. నాకు సంతోషమే వేసింది. తలెత్తితే కిటికీలో తడి జుట్టుతో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో.

"సరిపోయిందా లెక్క?" అని అడిగింది నేను పైకొచ్చాక.

సరిపోయిందనే చెప్పాను. మంచి మాటే కదా చెప్పింది? మర్నాడు నియెవెస్ మోకాలు.

ఇల్లు భరించలేకుండా ఉంది. రెండు కోడిగుడ్లు పగలగొట్టి, రెండోది ఎవరికని ఆగిపోతున్నాను.

జూలై 8

పట్టుకున్నాను!

జ్వరమని చెప్పి పని మానేశాను. వ్యాను ఎదుటి వైపు పెట్టి, ముందు గది కర్టెన్లు మూసి, సందులోంచి చూస్తూ కూర్చున్నాను. ఎనిమిది దాటాక లుబోమిర్ వచ్చాడు. దాపరికం కూడా లేదు. ఎర్ర ఊలు కుచ్చు వేలికి తగిలించుకుని ఊపుకుంటూ వచ్చి, అంపారో కారు తలుపు తీసి, సీటు వెనక్కి నెట్టి కూర్చుని పక్క వీధిలోకి పోయాడు. రెండు దాటగానే తిరిగి తెచ్చాడు. నేను మెట్ల మీద నిలబడి ఉన్నాను.

"ఇవాళ పనికి పోలేదా?" అన్నాడు.

"నువ్వే తీస్తున్నావన్నమాట!"

"అవును. తీశా. అయితే ఏంటి?"

"ఏప్రిల్లో తీయలేదన్నావు."

"ఏప్రిల్లో తీయలేదు."

"నా మొహం మీదే అబద్ధమా?"

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. కోపంగా చూస్తే తిరిగి కోపంగా చూసేవాణ్ని. అట్లా చూడలేదు.

"ఫ్లోరియన్, ఇంత తెలివైనవాడివి, నీకు ఒక్క సంగతి తట్టదేంటయ్యా?" అని తాళంచెవి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

సీటు వెనక్కే ఉంది. ఈసారి ముందుకి జరపడం మర్చిపోయాడు. దొరికిపోయిన కంగారు అట్లాగే ఉంటుంది. చక్కెర పలుకులు కూడా లేవు. తినే తీరిక దొరకలేదన్నమాట.

నాకు తట్టని సంగతేదో ఉందట. నాకు అన్నీ తట్టాయి.

జూలై 19

విల్మాని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. బెర్విన్ మీదుగానే దారి. తిరిగొచ్చేటప్పుడు విల్మా అంది:

"అదిగో, మీ వదినగారు. దుకాణం ముందు. రెండు చేతుల్లో రెండు సంచులు, ఎంత చలాకీగా పోతోందో చూడు."

నేను చూడలేదు. సిగ్నల్ మారింది.

ఇప్పటి ఆపరేషన్లు అట్లాగే ఉంటాయి. నడిపిస్తారు. నడవమనే చెబుతారు. రెండో మోకాలు కూడా చేయించుకుంటుందేమో.

ఆగస్టు 5

మా వైపు. కారు కదిలింది. సీటు ముందుకి. చక్కెర.

సెప్టెంబర్ 9

విల్మాని అడిగాను. పగలంతా కిటికీ దగ్గరే ఉంటుంది కదా, ఊడ్చే రోజుల్లో లుబోమిర్ ఏం చేస్తాడో చెప్పమని.

"కార్లు తీస్తాడు. ఇంకేం చేస్తాడు?"

"తీసి?"

"తీశాక ఇంటికెళ్లి ఫ్లాస్కు తెస్తాడు. రెండు కప్పులు. మూల తిరిగి పోతాడు. కాసేపటికి ఉత్త చేతులతో వస్తాడు."

"రెండు కప్పులా?"

"రెండే. నాకేమీ కళ్లు పోలేదు."

"ఎవరికి?"

విల్మా టీ తాగుతావా అని అడిగింది. ఈ వీధిలో అందరికీ ఏదో తెలుసు, నేను రాగానే అందరికీ టీ గుర్తొస్తుంది.

రెండు కప్పులంటే ఇద్దరు. మా అంపారో కారులో, మా అంపారో సీటులో, లుబోమిర్ ఎవరినో కూర్చోబెడుతున్నాడు. ఆ రొట్టె చక్కెర ఆవిడదే. ఆయన పెట్టుకున్న మనిషికి మా కారు సత్రంలా పనికొస్తోంది. ఈ సంగతి అంపారోకి తెలిస్తే ఏమంటుంది? ఇన్నేళ్లు నమ్మి తాళంచెవి ఇచ్చింది. ఆమెకి చెప్పాలి. చెప్పడానికి రుజువు కావాలి. రుజువు లేకుండా చెబితే మళ్లీ అనుమానం అంటుంది.

రుజువు చూపిస్తే మాత్రం, అప్పుడు తెలుస్తుంది నేను ఊరికే అడిగే మనిషిని కానని. అప్పుడు వస్తుంది.

అక్టోబర్ 7

పని ఒత్తిడి. పట్టణం మధ్యలో పెద్ద భవనం, లిఫ్టులన్నీ నేనే చూడాలి, సెలవు దొరకలేదు. మా వైపు ఊడ్చేశారు. ఇక ఒక్కసారే మిగిలింది, నవంబర్‌ది. అది పోతే మళ్లీ ఏప్రిల్ దాకా ఊడ్చరు.

అక్టోబర్ 19, ఆదివారం

ఎత్తింది. బాగున్నావా అంది. బాగున్నానన్నాను. ఆకులు రాలుతున్నాయన్నాను. తెలుసు అంది. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఎంత బాగుందో ఆ కాసేపు. తర్వాత నేను ఎక్కడున్నావని అడిగాను. ఇంకెక్కడుంటాను అంది. గొంతు మారింది.

ఎందుకడిగానో. నాకు తెలుసు బెర్విన్‌లోనే ఉందని.

నవంబర్ 10

కాగితాలు కట్టారు. రేపే.

నవంబర్ 11

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున మామూలుగా వ్యాను వేసుకుని బయల్దేరాను, లుబోమిర్‌కి కనబడేట్టు చెయ్యి కూడా ఊపాను. దూరంగా కిరాణా కొట్టు వెనక వ్యాను పెట్టి, నడిచి వెనక్కి వచ్చాను. తొమ్మిదయ్యాక పక్క వీధి మూల తిరిగాను. ఫోన్ చేతిలో పట్టుకుని వీడియో నొక్కాను. ఆకులు పాదాల కింద చప్పుడు చేస్తుంటే అంచుల మీద నడిచాను.

అంపారో కారు చెట్టు కింద ఉంది. అద్దాలకి లోపలినుంచి ఆవిరి పట్టింది. మనిషి ఉన్నాడు. మనిషి నీడ కనబడుతోంది. నాకు భయం వేయలేదు, అదొక రకమైన సంతోషం వేసింది. ఇన్ని నెలలు అనుకున్నది నిజమైనందుకు.

వెనకనుంచి వెళ్లి డ్రైవరు వైపు తలుపు ఒక్కసారి లాగాను.

అంపారో.

ముదురు గోధుమరంగు కోటు వేసుకుని, ఒళ్లో అల్లిక పెట్టుకుని, మోకాళ్ల మీద రొట్టెల సంచీతో కూర్చుని ఉంది. ఒక్కతే. జుట్టు కొంచెం తెల్లబడింది. ముందు అద్దం దగ్గర ఫ్లాస్కు, రెండు కప్పులు. ఒకటి సగం తాగింది. ఒకటి బోర్లించి ఉంది.

ఫిబ్రవరి నుంచి చూడని నా భార్యని చూసి నేను అన్న మొదటి మాట:

"రెండో కప్పు ఎవరికి?"

ఆమె ఉలిక్కిపడలేదు. అల్లిక ఆపి నన్ను చూసింది.

"నీకు," అంది. "మే నెల నుంచి."

బోర్లించిన కప్పునే చూశాను.

"నా కారు నేను కాక ఎవరు తీస్తారు ఫ్లోరియన్? మొదటిసారే నీకు తెలిసిపోతుందనుకున్నా. కారు కదిలింది, అంపారో వచ్చింది అనుకుంటావనుకున్నా. రెండోసారి ఊడ్చే రోజుకి పని మానేసి, ఈ మూల తిరిగి వస్తావని ఎదురుచూశా. లుబోమిర్‌ని టీ తెమ్మన్నా, ఇద్దరికి."

"జూలైలో ఆయనే తీశాడు. నేను చూశాను."

"జూలైలో నేనూ వచ్చా. నీ వ్యాను ఉంది, కర్టెన్లు మూసి ఉన్నాయి. కాపు కాస్తున్నావని తెలిసింది. మళ్లీ ఆ కిటికీ చూడలేక వెనక్కి తిరిగి ఆయనకి ఫోన్ చేశా." అల్లిక పక్కన పెట్టింది. "ఎనిమిది నెలలు, ఎవరు తీస్తున్నారనుకున్నావు?"

చెప్పకపోయినా తెలిసిపోయింది. నన్ను చదవడం ఆమెకి ఎప్పుడూ కష్టం కాలేదు.

"పాపం లుబోమిర్," అంది. నవ్వబోయి ఆగిపోయింది. "సరే, వచ్చావుగా. ఆలస్యమైనా వచ్చావు. దేనికి వచ్చావు?"

అడిగేటప్పుడు ఆమె చెయ్యి బోర్లించిన కప్పు మీదకి వెళ్లింది. దాన్ని తిప్పి నిలబెట్టింది. నేను సరిగ్గా చెబితే పోసేది. నాకు తెలుసు, పోసేది.

"నీకోసమే వచ్చాను," అన్నాను.

ఆమె నా చేతి వైపు చూసింది. ఫోన్ ఆమె మొహానికి ఎదురుగానే ఉంది. ఎర్ర చుక్క వెలుగుతోంది. ఆపడం మర్చిపోయాను.

నమ్మలేదు.

అరవలేదు, ఏడవలేదు. టీ పోసింది. కప్పు నా చేతికిచ్చింది. ఆ ఫోన్ జేబులో పెట్టుకోవడం కూడా తెలియక ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో కప్పు పట్టుకుని నిలబడ్డాను.

"తాగెయ్. చల్లారుతుంది."

తాగాను. కప్పు తీసుకుని సంచీలో పెట్టుకుంది.

"ఈ కారు ఇక్కడ ఉన్నన్నాళ్లూ నా అడ్రసు ఇదే అనుకున్నా," అంది. "రేపు వెళ్లి నియెవెస్ వీధి స్టిక్కర్ తీసుకుంటా."

"మోకాలు ఎలా ఉంది?" అని అడిగాను. ఎందుకడిగానో దేవుడికే తెలియాలి.

"మోకాలు మార్చిలోనే తగ్గిపోయింది ఫ్లోరియన్. నీకూ తెలుసు."

తలుపు మూసింది. కారు మూల తిరిగింది. మా వీధి వైపు కాదు, రెండో వైపు.

నవంబర్ 12

వీడియో చూశాను. రోడ్డు, ఆకులు, నా బూట్లు, కారు తలుపు, తర్వాత ఆమె మొహం. చివర్లో అంతా ఆకాశమే. మాటలన్నీ ఉన్నాయి.

"నీకోసమే వచ్చాను" అన్నచోట వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. చాలాసార్లు విన్నాను. ఆ గొంతు విని నేను కూడా నమ్మేవాణ్ని కాదు.

అబద్ధం కాదది. మూల తిరిగేటప్పుడు అబద్ధం. ఆమెని చూశాక నిజం. మధ్యలో ఎక్కడ మారిందో వీడియోలో కనబడదు.

నవంబర్ 14

నర్సు పిల్ల తలుపు కొట్టాను. మే నెల కాగితం నేనే తీశానని చెప్పాను. "తెలుసు అంకుల్, అందరికీ తెలుసు" అంది.

నవంబర్ 23, ఆదివారం

ఫోన్ చేయలేదు. చేస్తే ఏదో ఒకటి అడుగుతాను.

డిసెంబర్ 2

రాత్రంతా మంచు పడింది. మోకాలి లోతు. కార్లన్నీ తెల్లటి దిబ్బలయ్యాయి.

మంచు తవ్వి చోటు చేసుకున్నవాడిదే ఆ చోటు. కుర్చీ పెట్టి పోతే ఇంకెవరూ కారు పెట్టరు. ఇది ఏ చెట్టు కాగితం మీదా రాసి ఉండదు, అయినా ఈ వీధిలో అందరూ పాటిస్తారు.

పని ఎగ్గొట్టి, పార తీసుకుని, అంపారో కారు ఉండే చోటు తవ్వాను. నడుము విరిగింది. గట్టు కనబడేదాకా, నల్ల నేల కనబడేదాకా తవ్వి, ఆమె కారు పట్టేంత చోటు చేశాను. వంటింట్లోంచి రెండు కుర్చీలు తెచ్చి మధ్యలో పెట్టాను. నా వ్యాను గ్యారేజీలోనే ఉంటుంది, నాకు ఆ చోటుతో పనిలేదు. ఆమె ఎప్పుడైనా వస్తే మంచులో కారు పెట్టడానికి తిప్పలు పడకూడదు. రాకపోతే రాకపోయింది. నాకు ఆమె కావాలి. ఈ మాట ఫోన్ లేకుండా చెప్పి ఉండాల్సింది.

మధ్యాహ్నం మళ్లీ మంచు మొదలైంది. కర్టెన్లు తీసే ఉంచాను. లుబోమిర్ ఇస్త్రీ చొక్కా మీద కోటు వేసుకుని, చీపురు పట్టుకుని వీధి దాటి వచ్చాడు. కుర్చీల దగ్గర ఆగాడు. రెండింటి మీదా మంచు దులిపాడు. నేను తవ్విన చోట కొత్తగా పడింది కూడా ఊడ్చి గట్టు మీదకి తోశాడు. నా కిటికీ వైపు చూడలేదు. చీపురు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఎందుకని నేను అడగలేదు.